కడుపునొప్పి అన్న పిల్లను నమ్ము

చిన్నీ,

నర్సరీ తరగతుల బాధ్యత నీకు అప్పగించారనీ, అడుగుపెట్టీ పెట్టగానే పేగుల్లో చేరి విరేచనాలు పట్టించే జియార్డియా క్రిమి బయటపడిందనీ మీ అమ్మ చెప్పింది. నిన్ను నమ్మి ఇచ్చారని ఎంత పొంగిపోయానో! రాత్రి మాత్రం నిద్రపట్టలేదు.

చేతులు కడిగించడం నీకు నేర్పక్కర్లేదు. సబ్బుతో, పారే నీళ్ళ కింద, 20 సెకన్లు. శానిటైజర్ ఉందిగా అని ధీమాగా ఉండకు, గట్టి పొరలో దాక్కున్న ఆ క్రిమి దానికి సరిగా చావదు. తాగే నీళ్ళమీద అనుమానముంటే తెర్లేలా ఒక నిమిషం మరిగించండి. డయపర్లు మార్చే ఆయా చేత తిండి పెట్టించొద్దు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మా బడిలో ఐదేళ్ళ పాప ఉండేది. రెండు రోజులు విరేచనాలు, మూడు రోజులు బాగుండటం, మళ్ళీ మొదలు. కడుపుబ్బరం, కంపు, జిడ్డుగా నీళ్ళమీద తేలే మలం. వాళ్ళమ్మ ఒక్కసారి పరీక్ష చేయించింది. ఏమీ లేదని వచ్చింది. నేనా కాగితం పట్టుకుని, బడి ఎగ్గొట్టడానికే కడుపునొప్పి అంటున్నావని తల్లి ఎదుటే పాపను కసిరాను. అది ఏడవలేదు. తలొంచుకుని వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

ఆ క్రిమి రోజూ మలంలో పడదు చిన్నీ. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూస్తేగానీ లేదనుకోవడానికి లేదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి పాప గౌను భుజాలమీంచి జారిపోతోంది. ఒంట్లో చేరాక లక్షణాలు కనబడటానికి 1 నుంచి 3 వారాలు పడుతుంది. అందుకే నా తొందరపాటు ఫలితం కూడా ఆలస్యంగానే తెలిసింది. మరో నలుగురు పడ్డారు. ఒకడి ఇంట్లో చంటిదానికీ అంటింది. మందు వాడాక పాప తేరుకుంది, కానీ కొన్ని వారాలు పాలు పడలేదు. అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే మారాం చేస్తోందని మళ్ళీ కసిరేదాన్నే.

విరేచనాలు ఆగేదాకా బడికి పంపొద్దని గట్టిగానే చెప్పు. కానీ చెప్పేటప్పుడు ఆ తల్లి ముఖం చూడు, పని మానుకోవలసింది ఆమే. ఎవరివల్ల వచ్చిందన్న మాట తరగతిలో పుట్టనివ్వకు. తగ్గాక కూడా కనీసం ఒక వారం ఈతకు దించొద్దు, క్లోరిన్ కలిపిన కొలనులో కూడా అది 45 నిమిషాల దాకా బతకగలదు. లక్షణాలు లేకుండా మోసే పిల్లలూ ఉంటారు. అలాగని అందరికీ మందు పంచేయకు, ఎవరికి వెయ్యాలో డాక్టరే తేల్చాలి.

హాజరుపట్టీ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఎవరికి ఏ రోజు కడుపు బాగాలేదో రాయి, మూడు వారాలు వెనక్కి తిప్పి చూసుకునేలా. నేను రాయలేదు.

కంగారులో పడి నువ్వు తిండి మానేస్తావు, నాకు తెలుసు. వేళకు తిను తల్లీ. ముందు నీ చేతులు కడుక్కో. ఆ నలతగా ఉన్న పిల్లలు ఎలా ఉన్నారో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

నీ పెద్దమ్మ