ఉత్తేజితమా, ఉత్తేజకమా?

సందేహం: ఇంటర్ పిల్లలకు తెలుగులో జీవశాస్త్రం నోట్సు రాస్తున్నాను. 'హార్మోన్ సంకేతం అందగానే కణంలోని ఎంజైము క్రియాశీలకం అవుతుంది' అని రాస్తే తోటి లెక్చరర్ 'క్రియాశీలం' అనాలన్నారు. ఇంకొకరు 'ఉత్తేజకం' అంటే పోతుందన్నారు. ఏది సరైనది? పైగా 'ఎంజైముల నియంత్రణ' అంటే తగ్గించడమే అని పిల్లలు అనుకుంటున్నారు. మాట మార్చాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: ముందు క్రియాశీలకం సంగతి. 'క్రియ శీలంగా గలది' క్రియాశీలం. ఇది బహువ్రీహి. బహువ్రీహి చివర 'క' చేరడం సంస్కృతంలో ఉన్నదే, పాణిని దాన్ని వికల్పంగా ఒప్పుకున్నాడు. కాబట్టి క్రియాశీలకం తప్పని మీ లెక్చరర్ గారితో గొంతు కలపలేను. అయితే ఆ 'క' వల్ల అర్థం వీసమెత్తు మారదు. రెండూ ఒకటే అయినప్పుడు పొట్టిది రాసుకోవడం మేలు. చిక్కల్లా ఎక్కడంటే, పత్రికల్లో 'క్రియాశీలక పాత్ర' చదివీ చదివీ, ఇది కూడా రక్షకం, ప్రేరకం లాంటి మాటే, 'క్రియాశీలంగా చేసేది' అని చాలామంది అనుకుంటున్నారు. ఈ 'క' వేరు, ఆ 'అక' వేరు.

ఆ 'అక' చేసేవాడిని చెబుతుంది. రక్షకుడు కాపాడేవాడు. రక్షితుడు కాపాడినందువల్ల బతికినవాడు. అలాగే ఉత్తేజకం ఉత్తేజపరిచేది, ఉత్తేజితం ఉత్తేజం పొందినది. మామూలు వ్యాసంలో ఇవి కలగాపులగమైనా పాఠకుడు సర్దుకుంటాడు. మీ పాఠంలో సర్దుకోలేడు. ఎందుకో చూడండి.

కుక్క వెంటపడింది, టెన్షన్‌తో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలైంది. అది కండరకణం లోపలికి అడుగుపెట్టదు, గడప దగ్గరున్న గ్రాహకానికి కబురు చెప్పి ఊరుకుంటుంది. (గ్రాహకం కూడా 'అక' మాటే: పట్టుకునేది.) ఆ కబురుతో లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు తయారవుతుంది. అది ప్రొటీన్ కైనేజ్-ఎ అనే ఎంజైమును లేపుతుంది. లేచిన ఆ ఎంజైము ఫాస్ఫరిలేజ్ కైనేజ్‌ను లేపుతుంది. అది గ్లైకోజన్ ఫాస్ఫరిలేజ్‌ను లేపుతుంది. ఆ చివరిది గ్లైకోజన్ నుంచి, అంటే కండరం దాచుకున్న గ్లూకోజ్ నిల్వ నుంచి, ఒక్కొక్క గ్లూకోజ్ యూనిట్‌నూ ఫాస్ఫేటుతో సహా విడదీస్తుంది, కాళ్లకు పరుగు అందుతుంది. ఇందులో మధ్యనున్న ఫాస్ఫరిలేజ్ కైనేజ్‌ను ఏమనాలి? పై దాని చేతిలో అది ఉత్తేజితం, కింది దాని పాలిట ఉత్తేజకం. ఒకే ఎంజైముకు రెండు బిరుదులూ చెల్లుతాయి, కానీ ఒకదాని చోట ఇంకొకటి రాస్తే గొలుసు తలకిందులవుతుంది.

నన్నడిగితే ఇక్కడ అచ్చతెలుగే సుఖం. లేచు–లేపు, కదులు–కదుపు, తిరుగు–తిప్పు అని మనకు జంటక్రియలున్నాయి. 'లేచినది ఇంకొకదాన్ని లేపింది' అంటే ఎవరు ఎవరిని అన్న గొడవే రాదు. 'ఉత్తేజించబడుతుంది' అని మాత్రం రాయకండి. తెలుగువాడి నాలుక మీద 'బడు' అంత తేలిగ్గా తిరగదు.

ఇంకో చిన్న హెచ్చరిక. ఈ గొలుసులో కైనేజ్‌లు చేసే పని ఎదుటి ప్రొటీనుకు ఫాస్ఫేటు తగిలించడం. ఫాస్ఫేటు తగిలితే ఫాస్ఫరిలేజ్ లేస్తుందన్న ఈ కిటుకును ఫిషర్, క్రెబ్స్ అనే శాస్త్రవేత్తలు 1955లో కుందేలు కండరాల మీద పనిచేస్తూ బయటపెట్టారు. 1992లో నోబెల్ అందుకున్నారు. అందుకని ఫాస్ఫేటు తగిలించడాన్నే కొన్ని నోట్సుల్లో 'ఉత్తేజపరచడం' అని అనువదిస్తున్నారు. అది పొరపాటు. అదే ఫాస్ఫేటు గ్లైకోజన్‌ను తయారుచేసే సింథేజ్‌కు తగిలితే దాన్ని నిద్రపుచ్చుతుంది. చేర్చిన వస్తువు ఒకటే, ఒకటి లేస్తే ఇంకొకటి పడుకుంటుంది. ఫాస్ఫేటు చేర్చడాన్ని ఫాస్ఫేటు చేర్చడమనే అనండి. అన్నట్టు, ఫాస్ఫరస్‌ను కొలిచే పేరున్న పద్ధతిని 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి అందించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది మీకు దగ్గరలోని భీమవరంలోనే. పిల్లలకు చెప్పండి, సంతోషిస్తారు.

ఇక నియంత్రణ. బీపీ నియంత్రణ, ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ: విన్నవన్నీ తగ్గించేవే అయితే పిల్లలు అలా అనుకోక ఏం చేస్తారు? కానీ మాట పుట్టుక అది కాదు. అమరకోశం సారథికి చెప్పిన పేర్లలో 'నియంత' ఒకటి. ఇప్పుడు ఆ మాట వింటే హిట్లర్ గుర్తొస్తాడు గానీ, అసలు నియంత పగ్గాలు చేతబట్టినవాడు. పగ్గం బిగిస్తాడు, వదులుతాడు, రెండూ అతని పనే. కణం ఎంజైముల పట్ల చేసేదీ అంతే. అడ్రినలిన్ కబురుకు వదిలిన పగ్గాన్ని తర్వాత ఫాస్ఫేటు ఊడదీసే ఫాస్ఫటేజ్‌లు బిగిస్తాయి. కాబట్టి మాట మార్చనక్కర్లేదు, సారథిని పరిచయం చేస్తే చాలు. 'క్రమబద్ధీకరణ' జోలికి మాత్రం పోకండి, అది ఇప్పటికే లేఅవుట్లకూ కాంట్రాక్టు ఉద్యోగాలకూ రాసిచ్చేశాం. తేలిక మాట కావాలంటే 'అదుపాజ్ఞలు' ఉంది. అదుపు తెలుగు, ఆజ్ఞ సంస్కృతం, రెండూ కలిసిన మిశ్రసమాసం. సంకేతం, దానికి లొంగి నడుచుకోవడం, రెండూ అందులోనే ఉన్నాయి.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: 'హార్మోన్ సంకేతం అందగానే కణంలో కొన్ని ఎంజైములు ఉత్తేజితమవుతాయి, కొన్ని నిద్రాణమవుతాయి.'