"నాకు కావాలి"ని స్పానిష్‌లో చెప్పడం

తమ్ముడూ, "మే కియేరో ఉన్ కఫే" అని రాస్తే ఎందుకు తప్పు పడిందని అడిగావు. తప్పు నీది కాదు, మన తెలుగు అలవాటుది. తిరుపతి బస్టాండు పక్కన టీకొట్టు దగ్గర "స్వామీ, నాకొక కాఫీ కావాల" అంటాం కదా, ఆ "నాకు"నే "మే" చేసి తగిలించావు. స్పానిష్‌లో కోరుకునేది "నేను". ఆ నేను కూడా "కియేరో" చివరి ఓకారంలోనే దాక్కుని ఉంటాడు, మన "వస్తాను"లో "ను" లాగా. "కియేరో ఉన్ కఫే" అంటే చాలు. "మే కియేరో" అంటే నన్ను నేను ప్రేమించుకుంటున్నానని! నేనూ మొదట్లో అదే అని నవ్వులపాలయ్యాను.

పని చెయ్యాలనుంటే రెండో క్రియ రూపం మార్చకు, మూలరూపంలోనే ఉంచు. అలిపిరి నుంచి నడిచి ఎక్కాలనుంది: "కియేరో సుబీర్ ఆ పియే". "కియేరో సూబో" కాదు. ఇంకొకరు చెయ్యాలని నీ కోరికైతే మధ్యలో "కే" వచ్చి క్రియ రూపం మారుతుంది: "కియేరో కే బెంగాస్", నువ్వు రావాలని నా కోరిక. దాని జోలికి ఇప్పుడే పోవద్దు.

కొత్తవాళ్లతో కియేరో కాస్త దురుసుగా వినిపించొచ్చు. మర్యాదగా "కిసియేరా" (కావాలనుంది) అను, లేదా "మే గుస్తరీయా" (నాకైతే నచ్చుతుంది). ఈ రెండోదాంట్లో "మే" అచ్చంగా మన "నాకు"నే, ఇక్కడ ధైర్యంగా వాడుకో. "తే కియేరో" మాత్రం కాఫీ తెచ్చిన ఆవిడతో అనకప్పా, నువ్వంటే నాకు ప్రేమ అని అర్థం!