పాత కారులో దానంతట అదే కదిలే బెల్టు మొరాయిస్తే

గుణుపురం నుంచి అమెరికాకు ఎం.ఎస్. చదవడానికి వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సీనియర్ల దగ్గర 1991 నాటి కారు చవగ్గా కొన్నాను. తాళం తిప్పగానే భుజం బెల్టు తలుపు పైనుంచి దానంతట అదే వెనక్కి జరిగి భుజం మీదికి వచ్చేది. ఇప్పుడు సగం దూరంలో ఆగిపోతోంది. మెకానిక్ చెప్పిన ఖర్చు కారు కొన్న ధరకన్నా ఎక్కువ. బెల్టు ఊడదీసి నడపొచ్చా?"

వద్దు తమ్ముడూ. ఆ పని మాత్రం చెయ్యకు.

ఈ రకం బెల్టును పర్లాకిమిడిలోనో, రాయగడలోనో, బరంపురంలోనో మనం చూసి ఉండం. ఇది అమెరికా చట్టం కోసం పుట్టింది. డ్రైవరు ఏమీ చెయ్యకపోయినా కాపాడే ఏర్పాటు కారులో ఉండాలని అక్కడి రవాణా శాఖ 1984లో నిర్ణయించింది. 1987 మోడళ్లలో 10 శాతం కార్లతో మొదలుపెట్టి, 1990 మోడళ్ల నాటికి అన్ని కార్లలోనూ ఎయిర్‌బ్యాగో, ఇలాంటి ఆటోమేటిక్ బెల్టో తప్పనిసరి చేశారు. ఎయిర్‌బ్యాగ్ ఖరీదు కాబట్టి చాలా కంపెనీలు బెల్టుకే మొగ్గాయి. 1990 ప్రాంతపు టయోటా కామ్రీ, ఫోర్డ్ ఎస్కార్ట్, సుబారు లెగసీ లాంటి కార్లలో ఇవి కనిపిస్తాయి. 1998 మోడళ్ల నుంచి ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కావడంతో ఇవి కనుమరుగయ్యాయి.

నీకు ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. స్టీరింగ్ మధ్యలో ఎయిర్‌బ్యాగ్ అనో, ఎస్.ఆర్.ఎస్. అనో రాసి లేకపోతే, గుద్దుకున్నప్పుడు నిన్ను ఆపడానికి ఆ కారులో బెల్టు తప్ప ఇంకేమీ లేదు. పైగా దానంతట అది వచ్చేది భుజం బెల్టు ఒక్కటే. నడుము బెల్టు నువ్వే పెట్టుకోవాలి. భుజం మీదికి బెల్టు వచ్చేసింది కదా అని చాలామంది దాన్ని మర్చిపోతారు. నడుము బెల్టు లేకపోతే ప్రమాదంలో ఒళ్లు కిందికి జారిపోయి, భుజం బెల్టు మెడకో పొట్టకో పడుతుంది. మోటారు బాగున్నా సరే, నడుము బెల్టు పెట్టుకోకుండా బండి కదిలించకు.

ఇక రిపేరు. డబ్బు ఖర్చు పెట్టేముందు చెవి పెట్టి విను. కారు ఆపి, తలుపు వేసి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్ దాకా తిప్పు. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ బెల్టు కదలకపోతే, పట్టా (అంటే తలుపు పైన బెల్టు జరిగే గాడి) లోపల బెల్టును లాక్కుపోయే పళ్ల ప్లాస్టిక్ పట్టీ తెగి ఉంటుంది. అసలు చప్పుడే లేకపోతే అవతలి సీటు బెల్టు చూడు. రెండూ పనిచెయ్యకపోతే ఫ్యూజు, రిలే (మోటారుకు కరెంటు అందించే స్విచ్చు), లేదా రెండింటినీ నడిపే కంట్రోల్ డబ్బా. ఒకవైపే ఆగితే ఆ వైపు మోటారో, వైరో, స్విచ్చో. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది కొత్తది వెయ్యి. మన ఊళ్లలో సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టేస్తుంటారు, అలా చేస్తే వైరింగ్ కాలిపోతుంది.

నీ బెల్టు సగంలో ఆగుతోంది కాబట్టి మొదట అనుమానించాల్సింది పట్టానే. తలుపు తీసినప్పుడల్లా దుమ్ము, ఆకులు, తిని పారేసిన తునకలు అందులో పడతాయి. పాత గ్రీజు వాటితో కలిసి జిగురైపోతుంది. తాళం ఆపి, టార్చ్ వేసి పట్టా పొడవునా చూడు. పొడి గుడ్డ చుట్టిన సన్నటి పుల్లతో మట్టి తియ్యి. తర్వాత సిలికాన్ స్ప్రేను గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో పట్టా తుడువు. వంటనూనె, ఇంజిన్ ఆయిల్ వద్దు, అవి మళ్లీ దుమ్ము పట్టి బెల్టు గుడ్డకూ అంటుకుంటాయి. బ్యాటరీ బలహీనంగా ఉన్నా మోటారు మధ్యలో ఆగిపోతుంది, అది కూడా చూపించు.

కారు నడుస్తుండగా బెల్టు ముందుకు పోతుంటే అది వేరే రోగం. తలుపు గొళ్లెంలో ఉండే స్విచ్, తలుపు తెరిచి ఉందని బెల్టుకు తప్పుడు కబురు చెబుతోందన్నమాట. రోడ్డు మీద ఇది చాలా ప్రమాదం. బాగయ్యేదాకా బండి తియ్యకు.

రిపేరుకు డబ్బు లేని నెలల్లో ఏం చెయ్యాలో చెబుతాను. బెల్టు పూర్తిగా వెనక్కి, అంటే నీ భుజం వెనక ఉన్న చివరిదాకా వెళ్లి నిలిచేలా చెయ్యి. మోటారు చచ్చినా చేత్తో తిప్పి అక్కడికి చేర్చే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది, ఆ పద్ధతి కారుతో వచ్చిన పుస్తకంలో చూడు. అక్కడికి చేరాక ఫ్యూజు తీసేస్తే ఇక కదలదు. భుజం దగ్గర అత్యవసరానికి పెట్టిన బకిల్ ఉంటుంది, దిగేటప్పుడు దాని బటన్ నొక్కి విప్పు, ఎక్కాక మళ్లీ తగిలించు. మామూలు బెల్టులాగే వాడుకోవచ్చు. కానీ అది చివరన గట్టిగా కూర్చుందో లేదో రెండు చేతులతో లాగి చూడాలి. పట్టా మధ్యలో ఆగిన బెల్టు బలం తట్టుకోలేదు, దాన్ని నమ్మొద్దు. బెల్టు గుడ్డ అంచులు పీచు రేగినా మార్చాల్సిందే.

కొత్త సామాను దొరకడం కష్టం. పాత కార్లు విప్పి సామాను అమ్మే జంక్‌యార్డులో అదే మోడల్, అదే ఏడాది కారు వెతికి పట్టాతో సహా మోటారు తీసుకో. కుడి ఎడమలు వేరు, చూసి తీసుకో. రీకాల్ కింద, అంటే లోపమున్న కార్లను వెనక్కి పిలిచి, కంపెనీ ఉచితంగా చేస్తుందేమోనని కొందరు ఆశపడతారు. ఆ హక్కు కారు మొదట అమ్మిన నాటి నుంచి 15 ఏళ్లలోపు ప్రకటించిన రీకాల్‌కే, ఇప్పుడు కొత్తగా ప్రకటించినా నీ కారుకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంకో మాట, న్యూయార్క్, వర్జీనియా లాంటి రాష్ట్రాల్లో ఏటా చేసే తనిఖీలో బెల్టులూ చూస్తారు. ఊడదీస్తే అక్కడే ఫెయిల్ అవుతుంది.

అమ్మానాన్నలు వస్తే వాళ్లను ఈ కారు ముందు సీట్లో కూర్చోబెట్టకు. తలుపు తియ్యగానే బెల్టు మొహం ముందునుంచి జరుగుతుంటే పెద్దవాళ్లు కంగారు పడతారు, కళ్లజోడుకో పుస్తెలతాడుకో తగులుకుంటుంది కూడా. 1991 కారు కాబట్టి వెనక సీట్లో కిటికీల పక్కన భుజానికీ నడుముకూ కలిపి మామూలు బెల్టు ఉంటుంది. అమ్మను అక్కడ కూర్చోబెట్టి, కొంగు మడత బెల్టు కింద ఇరుక్కోకుండా సర్ది, నడుము భాగం పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదికి దించి, నువ్వే బకిల్ పెట్టు.