నరాల సంగతి సరే, ఆ మచ్చ ఎవరికైనా చూపించారా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేస్తాను. చేతుల మీద, కాళ్ల మీద నరాలు నీలంగా తేలి కనిపిస్తున్నాయి. రక్తం తక్కువైందా? ఏదైనా టానిక్ చెప్పండి. సాయంత్రానికి ఎడమ చీలమండ వాస్తోంది. అక్కడే నల్లబడి దురద పెడుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గి, మళ్లీ వస్తోంది.

జవాబు: చేతుల గురించి టెన్షన్ పడకండమ్మా. వయసుతో పాటు చర్మం పలచబడి, కింద కొవ్వు తగ్గితే నరాలు పైకి కనిపిస్తాయి. ఎండాకాలంలో ఇంకా ఉబ్బుతాయి. అది రక్తహీనత లక్షణం కాదు, టానిక్ అక్కర్లేదు. నీరసం, ఆయాసం ఉంటే మాత్రం హిమోగ్లోబిన్ చూపించుకోండి.

నేను ఆగింది మీ ఎడమ కాలి దగ్గర. చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, రోజంతా నిలబడే ఉద్యోగం, ఒక్క కాలికే వాపు, నలుపు, దురద... వెరికోస్ వీన్స్‌ను, అంటే కాలి నరాలు ఉబ్బే జబ్బును అనుమానించాల్సిందే. రక్తాన్ని పైకి పంపే నాళాల్లోని కవాటాలు దెబ్బతింటే ఆ రక్తం కిందికి జారి చీలమండ దగ్గర నిలిచిపోతుంది. ఆ ఒత్తిడికి ఎర్ర రక్తకణాలు బయటికి ఊరి, వాటిలోని ఇనుము చర్మంలో పేరుకుని నల్లబడుతుంది. అక్కడ గోకి పుండు పడితే నెలల తరబడి మానదు.

ఆయింట్‌మెంట్ పేరు రాయలేదు. పూస్తే తగ్గి, మానితే వస్తోందంటే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. అది రోజూ రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, నరాలు ఇంకా తేలతాయి, పుండు ముప్పూ పెరుగుతుంది. చివరిదాకా చుట్టి పిండిన ట్యూబులు సంచిలో వేసుకుని ఎంతమంది వస్తారో! అడిగితే ‘షాపులో అబ్బాయి ఇచ్చాడండీ’ అంటారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులవి. వాళ్లు అమ్మడం తప్పే, కానీ మీరూ అడక్కూడదు కదమ్మా. ఆ ట్యూబు ఇక ముట్టుకోకండి, వెళ్లేటప్పుడు డాక్టరుకు చూపించండి.

ఈ వారంలోనే వాస్క్యులర్ సర్జన్‌ను, అంటే రక్తనాళాల డాక్టరును కలవండి. ప్రభుత్వాసుపత్రి జనరల్ సర్జరీ ఓపీకి వెళ్లినా సరే. నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చేస్తే విషయం తెలుస్తుంది. ఈలోగా షాపులో వీలైనప్పుడల్లా మడమలు ఎత్తి దించండి, ఇంట్లో కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోండి. వాపు తగ్గడానికి కాలికి తొడిగే బిగుతు స్టాకింగ్స్ సొంతంగా కొనొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు, కాలికి రక్తం సరిగా అందనివాళ్లకు అవి హాని చేయొచ్చు.

పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే నూనె రాసి మర్దన చేయించొద్దు. లోపల గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి.