సమాధానం: సొర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి

పుప్పొడి అందడం లేదండీ. వేలెడంత పిందె పసుపెక్కి, కొస నుంచి కుళ్లి రాలిందంటే చాలాసార్లు కారణం అదే. ఎరువు పెంచకండి, ఆకులే పెరుగుతాయి.

కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు, రోజూ పొద్దున ఏడింటికి చేత్తో పుప్పొడి అద్దుతున్నా నిలవట్లేదన్నారు కదా. చిక్కంతా ఆ ఏడింటి దగ్గరే ఉంది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. గుమ్మడి, కాకర, దోస పొద్దున పూస్తాయి. వీడియోల్లో ఎక్కువగా చూపించేవి అవే కాబట్టి సొర దగ్గర అందరూ బోల్తా పడతారు. (బీర కూడా సాయంత్రమే.)

1. చీకటి పడేముందు చూడండి. ఆడపువ్వు కింద నూగుతో బుల్లి సొరకాయ ఉంటుంది, మగపువ్వుకి ఉత్త కాడే.
2. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు తీసేయండి. వేలికి పొడి అంటకపోతే అది పనికిరాదు, ఇంకోటి చూసుకోండి.
3. దాన్ని ఆడపువ్వు నడుమ అన్నివైపులా సుతారంగా రుద్దండి.
4. ఆ పూట పువ్వు మీద నీళ్లు పడనివ్వొద్దు.

మగపువ్వులే ముందొస్తాయి, ఆడవి లేకపోతే కంగారొద్దు.

పిందె మీద సూది గుచ్చినట్టు చుక్కపడి బంక కారుతుంటే మాత్రం అది పండుఈగ. క్యూ-లూర్ అనే వాసన ఎర పెట్టి ఈగల్ని పట్టే బుట్ట అడిగి తెచ్చుకోండి. మామిడి తోటల్లో కట్టే మిథైల్ యూజినాల్ ఎరకి ఈ ఈగ రాదు.