మాంటెరీ చన్నీళ్ళలో డైవింగ్‌కి ఎలాంటి వెట్‌సూట్ కొనాలి?

ముందు మీరు కొన్న ఆ సర్ఫింగ్ సూట్‌కి ట్యాగ్ ఇంకా ఉందేమో చూడండి. ఉంటే ఇవాళే తిరిగిచ్చేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

మీరు అడిగింది ఇది కదా: అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి స్కూబా కోర్సు చేశారు, ఉద్యోగానికని కాలిఫోర్నియాలోని శాన్ హోసే వచ్చారు, మాంటెరీ గంటన్నర లోపే కాబట్టి అక్కడ డైవింగ్ చేద్దామనుకుంటున్నారు, సేల్‌లో 4/3 మిల్లీమీటర్ల మందం సర్ఫింగ్ సూట్ చవగ్గా దొరికితే కొనేశారు, అది సరిపోతుందా, లేకపోతే లోపల ఇంకేదైనా వేసుకోవాలా అని. సరిపోదు. లోపల ఏం వేసుకున్నా సరిపోదు.

నేనూ వెచ్చటి నీళ్ళలో నేర్చుకున్నవాణ్ణే. అండమాన్‌లో నీళ్ళు 28, 29 డిగ్రీలుంటాయి, అక్కడ షార్టీ, అంటే పొట్టి చేతుల, పొట్టి కాళ్ళ సూట్, వేసుకునేది చలికన్నా ఒంటికి గీతలు పడకుండా ఉండటానికే. మాంటెరీలో మామూలుగా 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది. పైగా నేను తెలివిగా మే నెలలో వెళ్ళాను, ఎండాకాలం వస్తోంది కదా అని. అక్కడ లెక్క వేరు. వసంతంలో వాయవ్యం గాలులు బలంగా వీచి పైనున్న నీటిని తీరం నుంచి అవతలికి తోసేస్తే, అడుగునున్న చల్లటి నీళ్ళు పైకొస్తాయి. మాంటెరీలో బ్రేక్‌వాటర్ అనే చోట దిగితే చేతికున్న డైవ్ కంప్యూటర్‌లో 51 ఫారెన్‌హీట్ చూపించింది, అంటే పదిన్నర సెల్సియస్. సెప్టెంబరు, అక్టోబరుల్లో నీళ్ళు కాస్త వెచ్చగా, తేటగా ఉంటాయి, మీ మొదటి డైవ్ అప్పుడు పెట్టుకోండి.

ఆ రోజు నా సూట్ మందంలో ఏ లోపమూ లేదు, 7 మిల్లీమీటర్లే. తప్పు నాది. అద్దెకిచ్చే షాపులో ఒక సైజు వేసి చూస్తే ఊపిరాడనట్టు అనిపించి, కాస్త ఫ్రీగా ఉండేది ఇవ్వండని అడిగి మరీ పెద్దది తీసుకున్నాను. పెరిగే పిల్లాడు కదా అని ఒక సైజు ఎక్కువే కుట్టించే ఇంట్లో పెరిగాం మరి. నీళ్ళలో దిగాక మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉంది. కెల్ప్ అనే పొడుగాటి సముద్రపు నాచు అడవిలోకి వెళ్ళి, రాతి సందులో ఏదో కదిలితే చూద్దామని వంగాను. నడుం దగ్గర, వెన్ను లోపలికి వంపు తిరిగే చోట, సూట్‌కీ ఒంటికీ మధ్య అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. వంగినప్పుడల్లా అక్కడున్న గోరువెచ్చటి నీళ్ళు మెడలోంచి బయటికి పోవడం, నిటారుగా అవగానే మంచులాంటి కొత్త నీళ్ళు వెన్నెముక వెంట జరజరా దిగడం. ఎవరో వెనకనుంచి చెంబుతో పోస్తున్నట్టే ఉంది. ఇరవై నిమిషాలకి దవడ వణికి, గాలి పీల్చుకునే రెగ్యులేటర్ పంటి కింద టకటకలాడింది. జతగా దిగిన బడ్డీకి సైగ చేసి పైకొచ్చేశాం. ఒడ్డుకొచ్చాక వేళ్ళు కొంకర్లు పోయి బీసీడీ (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్) బకిల్ నొక్కడం కూడా చేతకాలేదు, పక్కనున్నాయన వచ్చి విప్పాడు. వణుకు మొదలైతే డైవ్ అక్కడితో ఆపేయాలని కోర్సులో ఎందుకు చెప్పారో ఆ రోజు అర్థమైంది.

అందుకే నా లెక్కలో మందం రెండోది, బిగుతు మొదటిది. వెట్‌సూట్ నీళ్ళని ఆపదు. లోపలికి వచ్చిన కాసిని నీళ్ళు కదలకుండా ఉంటే చాలు, చలిని ఆపేది సూట్ కుట్టే నియోప్రీన్ అనే రబ్బరు నురగలో చిక్కుకున్న గ్యాస్ బుడగలు. 1950ల మొదట్లో బర్కిలీ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ పట్టుకున్న కిటుకు ఇదే, ఒళ్ళు తడిసినా ఫర్వాలేదు, బట్టలోనే గాలి ఉంటే చాలని. అయితే ఆ నీళ్ళు మారిపోతూ ఉంటే మీరు సముద్రం మొత్తాన్నీ కాచుకుంటూ కూర్చున్నట్టే.

మీ సర్ఫింగ్ సూట్‌తో చిక్కు కూడా ఆ బుడగల దగ్గరే. సర్ఫర్లు నీటి పైనే ఉంటారు, చేతులు బాగా ఆడాలి, కాబట్టి వాళ్ళ సూట్లలో మెత్తగా సాగే నియోప్రీన్ వాడతారు. మనం 10 మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది, బుడగలు బాగా నలుగుతాయి. మెత్తటిది ఇంకా తొందరగా అణిగిపోతుంది. ఛాతీ దగ్గర 4, చేతులకీ కాళ్ళకీ 3 మిల్లీమీటర్లు, అవి కూడా అడుగున నలిగాక మీకు మిగిలేది మందపాటి బనియన్ లాంటిదే. డైవింగ్‌కని చేసే సూట్లు గట్టిగా ఉంటాయి, తొడుక్కోవడానికి చిరాకే గానీ లోతులో అంతగా అణగవు.

మాంటెరీకి 7 మిల్లీమీటర్ల ఫుల్ సూట్, లోపల హుడ్ (తలని కప్పేది) కలిసి ఉన్న, చేతులు లేని వెస్ట్, 5 మిల్లీమీటర్ల గ్లవ్స్, మందపాటి బూట్లు, వీటిలో ఏదీ వదలొద్దు. హుడ్ విడిగా కాకుండా వెస్ట్‌తో కలిసి ఉన్నదే తీసుకోమంటాను, నీళ్ళు దూరే పెద్ద ద్వారం మెడే కాబట్టి. వీపు మీద జిప్ ఉన్న సూట్ అయితే జిప్ వెనక ఫ్లాప్ ఉందో లేదో చూడండి. సెమీ డ్రై అనే రకంలో మణికట్టుకీ చీలమండకీ సీల్స్ ఉంటాయి, డబ్బులు పెట్టగలిగితే అది ఇంకా మేలు.

షాపులో వేసుకుని చూడకుండా మాత్రం కొనకండి, ఆన్‌లైన్ సైజ్ చార్ట్‌లు మనలాంటి వాళ్ళ కొలతలకి కుదరవు. నాది ఐదడుగుల ఆరంగుళాలు, కాస్త బొజ్జ. పొట్ట చుట్టుకొలత చూసి తీసుకుంటే కాళ్ళు నాలుగంగుళాలు పొడుగు, అదంతా మోకాలి వెనక మడతలు పడి కూర్చునేది. చివరికి నాకు సరిపోయింది ఎల్ఎస్ అని రాసి ఉన్న సైజు, అంటే లార్జ్ షార్ట్. అలాంటివి ఉంటాయని నాకు రెండేళ్ళ దాకా తెలియదు. వేసుకున్నాక గొంతుక్కూర్చోండి, చేతులు పైకెత్తండి, ముందుకు వంగండి, ఆ వంగిన భంగిమలో ఎవరినైనా మీ నడుం దగ్గర సూట్ పట్టుకుని లాగమనండి. గుప్పిట్లోకి వస్తే వద్దు. చంకలో, గజ్జల్లో ఖాళీ ఉండకూడదు. పొడిగా ఉన్న కొత్త సూట్ ఎక్కించుకోవడానికి పది పదిహేను నిమిషాలు పట్టి చెమటలు కారితే కంగారు పడకండి, అలాగే ఉండాలి. పాదానికి కిరాణా కవర్ తొడుక్కుని కాలు దూరిస్తే సర్రున జారుతుంది. కానీ గుండెల నిండా గాలి పీల్చుకోలేకపోతే, లేదా హుడ్ మెడ దగ్గర నొక్కుతున్నట్టుండి తల తేలిగ్గా అనిపిస్తే వెంటనే తీసేయండి. మెడలోని రక్తనాళాల మీద ఒత్తిడి పడి కళ్ళు తిరగొచ్చు, అది నీళ్ళలో జరిగితే ప్రమాదం.

సెకండ్ హ్యాండ్ సూట్ చూస్తుంటే మోచెయ్యి దగ్గరా మోకాలి దగ్గరా వేళ్ళతో గట్టిగా నొక్కి వదలండి, నొక్కిన గుంట అలాగే ఉండిపోతే లోపలి బుడగలు చచ్చిపోయినట్టే.

సూట్ తేలుతుంది కాబట్టి మునగడానికి కట్టుకునే బరువుల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. అండమాన్‌లో నేను 4 కిలోలతో దిగేవాణ్ణి, ఇక్కడ ఈ సరంజామాతో 26 పౌండ్లు పడుతున్నాయి, దాదాపు 12 కిలోలు. పైన బెండులా తేలే సూట్ లోతులో నలిగి తేలే గుణం పోగొట్టుకుంటుంది, అప్పుడు బీసీడీలోకి గాలి వదలాలి, పైకొచ్చేటప్పుడు అదే సూట్ మళ్ళీ ఉబ్బుతుంది కాబట్టి గాలి తీస్తూ రావాలి. వెచ్చటి నీళ్ళ అలవాటుతో ఇది మర్చిపోతే రాకెట్‌లా పైకొస్తారు. మొదటి రెండు డైవ్‌లూ ఇక్కడి నీళ్ళు తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో చేయండి, కొనేముందు అద్దె సూట్‌తోనే చేయండి.

నీళ్ళు అసలు లోపలికి రానివ్వని డ్రైసూట్ సంగతి అంటారా, హాయిగానే ఉంటుంది, కానీ ఖరీదు కొన్ని రెట్లు ఎక్కువ, దానికి విడిగా శిక్షణ కావాలి. నెలకి మూడు నాలుగు సార్లు దిగుతారని తేలాక ఆలోచించండి. బాగా సన్నగా ఉన్నవాళ్ళయితే ముందే ఆలోచించొచ్చు, మా బడ్డీ ఏడు నెలల్లో మారిపోయాడు. నేను మాత్రం ఇప్పటికీ వెట్‌సూట్‌లోనే, రోజుకి రెండు డైవ్‌లు, ఒక్కోటి నలభై నిమిషాలు.

సూట్‌లో మూత్రం పోసుకోవచ్చా అని ఎవరూ అడగరు గానీ అందరూ చేసే పనే. ఇంటికెళ్ళాక మంచినీళ్ళతో బాగా కడిగి తిరగేసి నీడలో ఆరేయండి. ఇంకోటి, వెళ్ళేటప్పుడు పెద్ద ఫ్లాస్క్‌లో ఒంటికి పట్టే వేడి నీళ్ళు తీసుకెళ్ళి, దిగబోయే ముందు గ్లవ్స్‌లో కాసిని, మెడ దగ్గరనుంచి కాసిని పోసుకోండి, అప్పుడు మొదట లోపల చేరేవి సముద్రపు నీళ్ళు కావు. టీకి వేరే ఫ్లాస్క్ పెట్టుకోండి, నేనొకసారి తొందర్లో మారిపోయి గ్లవ్స్‌లో అల్లం టీ పోసుకున్నాను.