పరాయి దేశంలో చదువుకి వెళ్లిన కొన్ని నెలల తర్వాత దిగులు ఎందుకు మొదలవుతుంది?

మొదట్లో దిగులుపడే తీరికే ఉండదు. బ్యాంకు ఖాతా, సిమ్, అద్దె ఒప్పందం, క్లాసుల రిజిస్ట్రేషన్ అంటూ తిరగడంతోనే సరిపోతుంది. ఆ హడావుడి తగ్గాకే అసలు సంగతి బయటపడుతుంది.

దీన్నే కల్చర్ షాక్ అంటారు. ఈ మాటను 1950లలో బాగా ప్రచారంలోకి తెచ్చింది కలెర్వో ఒబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త. ఎవరిని ఎలా పలకరించాలి, ఎప్పుడు కాదనాలి లాంటివి సొంత చోట ఆలోచించకుండానే చేసేస్తాం. ఆ అలవాట్లు ఒక్కసారిగా పనికిరాకుండా పోవడమే ఈ ఆందోళనకు మూలమని ఆయన అన్నారు. క్లాసులో అందరూ జోకుకి నవ్వుతారు, అది మీకు అర్థమయ్యేలోపు మాట మారిపోతుంది. రోజంతా ఇలా చెవులు రిక్కించి వింటే సాయంత్రానికి తల వాచిపోదూ?

అమెరికా వెళ్లొచ్చిన నార్వేవాళ్ల మీద స్వెర్రె లిస్‌గార్డ్ 1955లో ప్రచురించిన అధ్యయనంలో, 6 నుంచి 18 నెలలు ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డట్టు తేలింది. తర్వాతి పరిశోధనల్లో కొందరికి మొదటి రోజులే గడ్డుగా గడిచినట్టు కనిపించింది. కాబట్టి క్యాలెండర్ చూసుకుని టెన్షన్ పడక్కర్లేదు.

నన్నడిగితే, వారం వారం అవే ముఖాలు కనిపించే చోటు ఒకటి పట్టుకోండి. ఆటైనా సరే, క్లబ్బైనా సరే. పదే పదే ఎదురుపడితేనే పరిచయం స్నేహంగా మారుతుంది. ఇంటికి ఫోన్ మానొద్దు కానీ, సాయంత్రాలన్నీ వీడియో కాల్‌కే పోనివ్వొద్దు. నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే మాత్రం ఆలస్యం చేయకుండా యూనివర్సిటీ కౌన్సెలర్‌ని కలవండి.